కడిగిన రికార్డు

రికార్డు బాగా మోగుతుందా, సీడీ బాగా మోగుతుందా అని అడిగినవాళ్ళందర్నీ అతను ముప్పై ఏళ్ళుగా ఎదురు ఒకటే అడుగుతూ వచ్చాడు. ఏ రికార్డు, ఏ సీడీ? అడిగినవాళ్ళకి కావలసింది జట్టు. ఇటు ఉన్నావా, అటు ఉన్నావా, అంతే. ఎటూ చెప్పని మనిషిని చూసి వెనక్కి తిరిగి నవ్వుకునేవాళ్ళు. అలా నవ్వీ నవ్వీ సంగీత కళాశాలలో అతని అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ అతను చాదస్తం. మర్యాద తెలిసిన పిల్లలకి చాదస్తం గారు. ఆ పేరు పెట్టింది పరాయివాడు కూడా కాదు, సొంత అక్క మొగుడు.

చాదస్తం చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. బావ అదే కళాశాలలో సౌండు ఇంజనీరు కాబట్టి, రికార్డుల గదిలో పెట్టెలు మోసే పని ఇప్పించాడు. మోసినవాడు మోసినట్టు ఊరుకోకుండా అట్టల మీద పేర్లు చదివాడు, రిజిస్టరు రాశాడు, ప్లేయరు విప్పి బాగుచేయడం నేర్చుకున్నాడు. ఇప్పుడా గదిలో నాలుగు వేల రికార్డులుంటే, ఏది ఏ అరలో ఎన్నోదో కళ్ళు మూసుకుని తీస్తాడు. ఇందుకు అతనికి దక్కిన గౌరవమల్లా, ఉద్యోగం ఇప్పించింది నేనే కదరా అని బావ వారానికోసారి గుర్తుచేయడం.

ఆ గది మీదికి ఇప్పుడు ముప్పు వచ్చింది. కీబోర్డు నేర్చుకునే పిల్లలు ఎక్కువయ్యారు, వాళ్ళ క్లాసుకి గది లేదు. ప్రిన్సిపాల్ మేడమ్ కళాశాల మొత్తం తిరిగి చూసి, కిటికీలు ఉండి, వాన కారకుండా, రోజంతా ఒక్క మనిషే కూర్చునే గది ఇదేనని తేల్చింది. రికార్డులన్నిటినీ ఇరవై ఏళ్ళ కిందటే బావ సీడీల్లోకి ఎక్కించి ఉంచాడు. ఆ సీడీలు ఆఫీసులో ఒక ఇనుప అలమారాలో ఉన్నాయి. నాలుగు వేల రికార్డులు ఒక అలమారాలో పడుతుంటే ఇంకా గది దేనికి అని ఆవిడ అడిగింది. అడిగిన తీరులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే చాదస్తానికి ఇంకా ఒళ్ళు మండించింది. ఆ అలమారా తాళం ఇరవై ఏళ్ళలో రెండుసార్లు తీశారు. ఒకసారి చీమల మందు చల్లడానికి, ఒకసారి తాళం పనిచేస్తోందో లేదో చూడటానికి.

రికార్డుల వైపు నోరు విప్పింది వయొలిన్ మాస్టారు. కళాశాల కమిటీ ముందు లేచి నిలబడి, రికార్డులో ప్రాణం ఉంటుంది, సీడీలో ఉండదు, ఇది చెవి ఉన్న ఎవరికైనా తెలుస్తుంది అన్నాడు. చెవి మాట వచ్చేసరికి కమిటీ పెద్దాయనకి పౌరుషం వచ్చింది. మాకూ చెవులున్నాయి, వినిపించండి, తేల్చేద్దాం అన్నాడు. మేడమ్ అక్కడికక్కడే కాగితం మీద పెట్టింది. శుక్రవారం ఉదయం పది గంటలకి తెర కట్టి, ఒకే పాటని ఒకసారి రికార్డు మీద, ఒకసారి సీడీ మీద వినిపించాలి. ఏది ముందో ఏది వెనకో వినేవాళ్ళకి చెప్పకూడదు. పెద్దాయన, మాస్టారు, తను, ముగ్గురూ బాగున్నదాన్ని చీటీ మీద రాస్తారు. రికార్డు గెలిస్తే గది ఉంటుంది. సీడీ గెలిస్తే నెలాఖరుకల్లా రికార్డులు పాత సామాన్లవాడికి. ఏ పాట అనేది కూడా ఆవిడే రిజిస్టరు మధ్యలో వేలు పెట్టి తీసింది. ఎవరో పేరు తెలియని వయొలిన్ విద్వాంసుడి రికార్డు అది.

ఆ సాయంత్రం అక్క కబురు పెట్టింది. వెళ్ళేసరికి బావ బనీనుతో కుర్చీలో కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"ఏరా బావమరిదీ, నెలాఖరు నుంచి ఎక్కడ కూర్చుంటావ్? మెట్ల కింద స్టూలు వేయించమంటావా?"

"నీ సీడీలు నువ్వెప్పుడైనా విన్నావా బావా?"

"వినేదేముంది? నేను చేసినవేగా."

చాదస్తం లోపలే పళ్ళు నూరుకున్నాడు. ఆ సీడీలు చేసిన ఆరు నెలలూ పెట్టెలు మోసింది తనే. ఒక్కొక్కటీ కడిగి ఇస్తాను బావా, ఆ మట్టితో ఎక్కిస్తే మట్టి కూడా సీడీలో ఎక్కుతుంది, తర్వాత ఎవడూ తుడవలేడు అని ఎంత మొత్తుకున్నాడో. కడుగుతూ కూర్చుంటే ఎప్పటికి తెములుతుందిరా చాదస్తం అని బావ అన్నది ఆ రోజునే. పేరు అప్పటినుంచీ అతుక్కుపోయింది. ప్లేయరు ముల్లు కూడా అప్పటికే అరిగిపోయి ఉంది. అదీ చెప్పాడు. అదీ చాదస్తమే అయింది.

వెళ్ళిపోతుంటే అక్క గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది.

"ఒరే తమ్ముడూ, నీ గది నువ్వు దక్కించుకో, వద్దనను. మీ బావ పని బాగాలేదని మాత్రం నలుగురిలో నీ నోటితో అనకు. నాకోసం."

అననన్నాడు. అనాల్సిన అవసరం రాదని అతని ధీమా. ఇటు కడిగిన రికార్డు, అటు బావ మట్టి సీడీ. చెవులున్న ముగ్గురు మనుషులు. ఇంకా నోరు తెరవడం దేనికి?

గురువారం వయొలిన్ మాస్టారు గదిలోకి వచ్చేసరికి చాదస్తం చొక్కా చేతులు మడిచి బల్ల ముందు ఉన్నాడు. బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్ళు, అందులో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు, పసిపిల్లలకి వాడేంత మెత్తటి బ్రష్షు. నడిమధ్య కాగితం తడవకుండా అరచేయంత గిన్నె మూత ఒకటి అడ్డం పెట్టి, గాడి ఎటు తిరిగితే బ్రష్షునీ అటే తిప్పుతున్నాడు. నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. అది చూసి మాస్టారు గాభరా పడ్డాడు.

"ఏమయ్యా, ఏం చేస్తున్నావ్? అంత కడిగేస్తే ఆ చిటపటలు పోవూ?"

"పోవాలనే కదా మాస్టారూ కడుగుతున్నది."

"ఆ చిటపటల్లోనే ఉందయ్యా ప్రాణం. వాన పడుతుంటే చూరు కింద నిలబడి విన్నట్టుంటుంది."

చాదస్తానికి బ్రష్షు ఆయన నెత్తిన వేసి కొట్టాలనిపించింది. ముప్పై ఏళ్ళుగా ఇదే బాధ. సీడీ వాళ్ళు మూర్ఖులనుకుని సరిపెట్టుకుందామంటే, రికార్డు వాళ్ళు వాళ్ళకంటే రెండాకులు ఎక్కువ తిన్నారు. ఆ చిటపటలు వయొలిన్ విద్వాంసుడు వాయించినవి కావని, అందులో సగం ఎవరి వేళ్ళ జిడ్డో, ఇంకో సగం గోడ సున్నమని, కాస్త కోపం దాచుకుని చెప్పాడు. ఆయన వాయించిందేమిటో వినాలంటే ఇవి పోవాలన్నాడు. మాస్టారు తల అడ్డంగా తిప్పి, నువ్వు మా పక్షాన ఉన్నావో వాళ్ళ పక్షాన ఉన్నావో అర్థం కావడం లేదు, కనీసం సగమైనా వదిలెయ్యి అని బతిమాలి వెళ్ళిపోయాడు.

సగం కడగడం ఎలాగో చాదస్తానికి తెలియదు. మూడుసార్లు కడిగాడు. చెక్క చట్రంలో నిలబెట్టి ఆరబెట్టాడు. నాలుగేళ్ళుగా బీరువాలో దాచిన కొత్త ముల్లు తీసి బిగించాడు, దాని బరువు చిన్న తక్కెడ మీద తూచాడు. ప్లేయరు పళ్ళెం తిరుగుతుంటే దాని అంచున ఉన్న చుక్కలు దీపం కింద నిలిచిపోయినట్టు కనబడేదాకా వేగం సవరించాడు. పెట్టి వింటే, విద్వాంసుడు వయొలిన్ భుజం మీద సర్దుకున్న చప్పుడు కూడా వినిపించింది. వెనక చీకట్లో నిలబడినంత నిశ్శబ్దం. చాదస్తం కుర్చీలో వెనక్కి వాలాడు. గది దక్కినట్టే అనుకున్నాడు.

శుక్రవారం హాల్లో అడ్డంగా నల్లగుడ్డ కట్టారు. దాని వెనక ఒక బల్ల మీద రికార్డు ప్లేయరు, పక్కన సీడీ ప్లేయరు, రెండింటికీ కలిపి ఒక మీట. ముందు వైపు మూడు కుర్చీలు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రావడంతోనే ఇద్దరికీ తగువు మొదలైంది. బావ సీడీ శబ్దం ఒక పిసరు పెంచాడు. రెండింట్లో ఏది గట్టిగా మోగితే అదే బాగున్నట్టు వినిపిస్తుందని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. చాదస్తం శబ్దం కొలిచే మీటరు తెచ్చి పెట్టాడు. ఒకదానికి మీటరు ముల్లు ఎక్కడ ఆడితే రెండోదానికీ అక్కడే ఆడాలన్నాడు. బావ గొణుక్కుంటూ తగ్గించాడు. బొమ్మా బొరుసూ వేస్తే సీడీ ముందు వచ్చింది.

బావ బటను నొక్కాడు. నొక్కిన రెండో క్షణంలో చాదస్తం అనుకున్నదంతా స్పీకర్లలోంచి బయటికి వచ్చింది. చిటపట, చిటపట, మధ్యలో ఒక టప్. అరిగిన ముల్లు పై స్వరాల దగ్గర బొంగురుపోతోంది. బావ మొహం చూశాడు. బావ సీడీ ప్లేయరు వెనక వైరు వంక చూస్తున్నాడు, తప్పు అక్కడేదో ఉందన్నట్టు. ఇరవై ఏళ్ళలో అతను తన పని వినడం ఇదే మొదటిసారి. చాదస్తానికి నవ్వు రావాలి, రాలేదు. గుడ్డకి అవతల మాస్టారు గట్టిగా నిట్టూర్చాడు.

"ఆహా... అదీ."

ఆ మాట వినగానే చాదస్తం చెయ్యి ముల్లు మీదే ఆగిపోయింది. ఆ ఒక్క నిట్టూర్పులో జరగబోయేదంతా కనబడింది. చీటీల నియమం ప్రకారం ఎవరు దేన్ని ఏమనుకున్నా ఫరవాలేదు, బాగున్నదాన్ని రాస్తే చాలు. అయినా మనుషులు విని రాయరు, అనుకుని రాస్తారు. అప్పటికి చేయగలిగిందేమీ లేదు. మీట తిప్పి ముల్లు దించాడు. కడిగిన రికార్డు ఒక్క మచ్చ లేకుండా, నిన్నటికంటే కూడా బాగా మోగింది.

వయొలిన్ ఇంకా మోగుతుండగానే చీటీలు విప్పారు. రెండోది అని రెండు, మొదటిది అని ఒకటి. మేడమ్ నిమ్మళంగా లేచింది. మాస్టారి అభిప్రాయాన్ని గౌరవిస్తామని, రికార్డుకి ఉండే అందం రికార్డుకి ఉంటుందని, కానీ శుభ్రత విషయంలో సీడీ ముందు ఏదీ నిలవదని ఈరోజు రుజువైందని చెప్పింది. నెలాఖరుకి గది ఖాళీ చేయమంది. పెద్దాయన కూడా తల ఊపి, గీత గీసినట్టు ఎంత స్పష్టంగా ఉందో అని మెచ్చుకున్నాడు.

చాదస్తం గుడ్డ పక్కకి తీసి బయటికి వచ్చాడు.

"రెండోది రికార్డు మేడమ్."

పెద్దాయన నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. అది ఎలా కుదురుతుంది, నా చెవులతో నేను విన్నాను, మొదటిదాంట్లో చిటపటలున్నాయి అన్నాడు. చిటపటలుంటే రికార్డు కావాలని లేదని చాదస్తం చెప్పబోతే మేడమ్ చెయ్యెత్తి ఆపింది. ఇది మీకు కావలసిన జవాబు కాబట్టి మిమ్మల్ని అడగను, ఇంజనీరు గారు చెబుతారు అంది. అందరూ బావ వైపు తిరిగారు.

బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. వైర్లు ఒకదానికొకటి మారి ఉండొచ్చా అని పెద్దాయన దారి కూడా చూపించాడు. ఉండొచ్చని ఒక్క మాట అంటే బావ పరువు దక్కేది, గది పోయేది. చాదస్తం అక్కకి ఇచ్చిన మాట పళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాడు. చివరికి బావ బల్ల దగ్గరికి వెళ్ళి, ఇంకా తిరుగుతున్న రికార్డు మీంచి ముల్లు ఎత్తాడు. వయొలిన్ ఆగిపోయింది.

"రెండోది రికార్డే మేడమ్," అన్నాడు బావ. "మొదటిది నేను చేసిన సీడీ. అప్పుడు రికార్డులు కడగలేదు. తొందరలో ఉన్నాం."

ఆ 'ఉన్నాం' అన్నమాట చాదస్తానికి చెవిలో గుచ్చుకుంది. ఉన్నది ఒక్కడే, 'ఉన్నాం' అట. అయినా మింగాడు.

అక్కడితో అయిపోవాలి. ముగ్గురు రాశారు, ఇద్దరు రికార్డుకే రాశారు, కాగితం మీద ఉన్న ప్రకారం గది ఉండాలి. కానీ పెద్దాయన మరొక్కసారి వినిపించమన్నాడు. వినిపించారు. ఈసారి తెర లేదు, ఏది ఏదో అందరికీ కనబడుతోంది. పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, ఇప్పుడు చూస్తే ఈ రికార్డులో ఎక్కడో కాస్త మసక ఉంది, ఇందాక తొందరపడ్డాను అన్నాడు. మాస్టారు సీడీ విని మొహం చిట్లించి, అదీ, అందుకే ఇది ఎక్కడో గాజులా గుచ్చుకుంటోందని నాకు ముందే అనిపించింది అన్నాడు. ఆ వెంటనే చాదస్తం వైపు తిరిగి, నువ్వు మట్టుకు ఆ రికార్డు ఉసురు తీసేశావయ్యా అని కోప్పడ్డాడు. చాదస్తం గోడకి చేరబడ్డాడు. ఈ ఇద్దరినీ ఒక గదిలో పెట్టి, ఆ నల్లగుడ్డే కళ్ళకి కట్టి, ఒకే సీడీని పదిసార్లు వినిపిస్తే పది రకాలుగా చెబుతారనిపించింది. అన్నా లాభం లేదు. అంటే అదీ చాదస్తమే.

మేడమ్ మాత్రం రెండోసారి వినలేదు. కాగితం మీద ఏదో రాసుకుంటూ కూర్చుంది. రాయడం అయ్యాక, తన మాట తను తప్పనని, రికార్డు గెలిచింది కాబట్టి నెలాఖరు గడువు రద్దని చెప్పింది. చాదస్తం గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. అంతలో ఆవిడ కలం మూత పెడుతూ ఇంకో మాట అంది. రికార్డు కడిగితే ఇంత బాగుంటుందని, సీడీలు సరిగ్గా చేయలేదని రెండూ ఈరోజే తెలిశాయి. కాబట్టి నాలుగు వేలూ కడిగి, కొత్తగా సీడీలు చేయాలి. మీకంటే బాగా కడిగేవాళ్ళు లేరు. అవన్నీ అయ్యాక గది కీబోర్డు క్లాసుకి ఇచ్చేద్దాం, అప్పుడు ఎవరికీ బాధ ఉండదు.

ఎవరికీ బాధ ఉండదట. చాదస్తం లోపలే లెక్క వేసుకున్నాడు. సగం మట్టి వదిలేసి ఉంటే రెండింట్లోనూ చిటపటలే ఉండేవి, ఎవరికి తోచింది వాళ్ళు రాసేవాళ్ళు, బహుశా ఓడిపోయేవాడు. శుభ్రంగా కడిగాడు, గెలిచాడు, గెలిచినందుకు నాలుగు వేల రికార్డులనీ తన చేతులతోనే కడిగి సాగనంపాలి. ఇందులో ఎక్కడ తప్పు చేశాడో వెతికితే దొరకడం లేదు.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అని మేడమ్ అడిగింది. అడిగింది చాదస్తాన్ని. ఈ మనిషికి అబద్ధం చెప్పడం రాదు, అందులోనూ పని విషయంలో. ఒళ్ళు వంచితే రోజుకి పన్నెండు కడగగలడు. పన్నెండు అని నోటిదాకా వచ్చింది కూడా.

"రోజుకి రెండు మేడమ్," అన్నాడు బావ వెనకనుంచి.

అందరూ అటు తిరిగారు.

"రెండే. కడగాలి, ఆరాలి, ముల్లు చూడాలి, వేగం చూడాలి. ఎక్కించేటప్పుడు మొదటినుంచి చివరిదాకా ఒక మనిషి కూర్చుని వినాలి. నేను ఒకసారి తొందరపడి చేసిన పని మీరు ఇప్పుడే విన్నారుగా."

మేడమ్ కాగితం మూల లెక్క వేసుకుంది. సెలవులు తీసేసింది. పెదాలు కదిలాయి, కనుబొమ్మలు పైకి లేచాయి. ఏడేళ్ళు దాటుతోందే అంది. పని సరిగ్గా జరగాలంటే అంతే అవుతుందని బావ చాలా విచారంగా చెప్పాడు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. కీబోర్డు క్లాసుని పై అంతస్తులో సామాన్లు పెట్టే గదికి మార్చమని రాసి, మేడమ్ సంతకం పెట్టింది. కింద బావ కూడా పెట్టాడు. మాస్టారు అప్పటికే వెళ్ళిపోయాడు.

బావకి ఏమని చెప్పాలో తెలియక చాదస్తం వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. బావ కుర్చీ లాక్కుని కూర్చుని, అక్కతో చెప్పకురా అన్నాడు. ఏం చెప్పకూడదో చెప్పలేదు. సీడీ సంగతో, రోజుకి రెండు సంగతో. ఒక నిమిషం ఇద్దరూ బాగానే ఉన్నారు. తర్వాత బావ కాళ్ళూపడం మొదలైంది.

"ఒక మాట ఒప్పుకో. నువ్వు కడిగినదాన్ని నేను సరిగ్గా ఎక్కిస్తే, ఆ సీడీకీ ఈ రికార్డుకీ తేడా నీకు కూడా తెలియదు. పైగా అది అరగదు."

చాదస్తానికి మళ్ళీ ఒళ్ళు మండింది. ఆ మాట నిజమని ఇరవై ఏళ్ళ కిందట ఈ మనిషికి చెప్పింది తనే. అప్పుడు వినకుండా, ఇప్పుడు తన సొంత తెలివిలా తిరిగి తనకే చెబుతున్నాడు. ఇంకో ఏడేళ్ళు ఇదే బల్ల దగ్గర, ఇదే కాళ్ళూపుడు. జవాబు చెప్పాలని నోరు తెరిచేసరికి, బావ సాయం చేసేవాడిలా లేచి పళ్ళెం మీంచి రికార్డు తీశాడు. బొటనవేలు సరిగ్గా గాళ్ళ మీద ఆనింది.

"అంచు పట్టుకో బావా," అన్నాడు చాదస్తం. "అంచు. అది మళ్ళీ కడగాలి ఇప్పుడు."

"ఒక్క వేలేగా."

"ఇలా తే."